సుబ్బాయమ్మ రాజుల అరబ్బీ

సుబ్బాయమ్మకు అరబ్బీ వచ్చునని కోనసీమలో ఆమె అక్క మహాలక్ష్మి ఊరందరికీ చెప్పుకునేది. అది అబద్ధం కాదు. అయితే ఆ వచ్చిన అరబ్బీ ఎంతో అక్కకు తెలియదు. మొదట కువైట్‌లో, తర్వాత దుబాయ్‌లో అరబ్బుల ఇళ్ళలో వంటా పిల్లల పనీ చేసిన సుబ్బాయమ్మకు ఇన్నేళ్ళలో అబ్బిన భాష వంటింట్లోంచి హాలు దాకా నడవడానికి సరిపోయేంత. అన్నం, నీళ్ళు, తే, పో, తొందరగా, అయిపోయింది. క్రియలకు కాలం లేదు, మనుషులకు ఆడామగా తేడా లేదు. "అనా రూహ్ బఖాలా" అంటే నేను కొట్టుకు వెళుతున్నాననీ, వెళ్ళాననీ, వెళ్ళమంటారా అనీ కూడా. "అకిల్ ఖలాస్" అంటే వంటయిందనీ, భోజనాలయ్యాయనీ, బియ్యం నిండుకున్నాయనీ. ఏది ఎప్పుడన్నది ముఖం చూసి అవతలివాళ్ళే పోల్చుకోవాలి. పనివాళ్ళతో అరబ్బులు కూడా అలాగే మాట్లాడతారు గనక, అరబ్బీ అంటే అంతేనని, పాపం అరబ్బులు ఇన్ని తక్కువ మాటలతో బతుకుతున్నారని ఆమె అనుకునేది.

అల్ కుసైస్‌లో విల్లాలున్న వైపు ఆ దేశస్థులే అయిన ఒక ఎమిరాతీ కుటుంబం దగ్గర ఆమె పని. యజమాని సుల్తాన్, ఎక్కడో రువైస్‌లో ఉన్న రిఫైనరీలో ఇంజనీరు. వారానికోసారి అంత దూరం నుంచీ కారు నడుపుకుంటూ వచ్చి, నిద్రపోయి, వెళ్ళిపోతాడు. ఆయన భార్య మౌజా బ్యాంకులో అధికారి. సుల్తాన్ తల్లి షమ్మా కింది గదిలో ఉంటుంది. అక్కడి అలవాటు ప్రకారం మౌజాను 'మామా' అనీ, షమ్మాను 'మామా కబీర్' అంటే పెద్ద మామా అనీ పిలవాలి. ఫోన్‌లో "మామా తిట్టింది, మామా చీరల్లాంటి గుడ్డ పెట్టింది" అని సుబ్బాయమ్మ చెబుతుంటే మహాలక్ష్మికి చాలాకాలం ఏమీ బోధపడలేదు.

"ఆ మామ ఎవడే? ఎన్నాళ్ళైంది ఈ యవ్వారం?" అని ఒకసారి గట్టిగానే అడిగింది.

మౌజా కూతురు మైతా 2019లో పుట్టింది. మాట్లాడడం నేర్చుకునే వయసుకు కరోనా వచ్చింది. తల్లి ఒక గదిలో లాప్‌టాప్ ముందు, తండ్రి రువైస్‌లో, నానమ్మ వయసు వల్ల తలుపేసుకుని కింది గదిలో. పిల్ల మాత్రం సుబ్బాయమ్మ చంకలో. ఆ చంకలో ఏ భాష ఉందో ఆ భాషే పిల్లకు వచ్చింది. సుబ్బాయమ్మ ఆమెను మైతమ్మా అని పిలిచేది. మైతా ఆమెను సుబ్బమ్మా అనేది. ఇద్దరికీ ఇబ్బందేమీ లేదు.

ఇబ్బంది 2022 రంజాన్ పండుగ నాడు బయటపడింది. హాలు నిండా చుట్టాలు. మైతా పెదనాన్న ఖర్జూరాల పళ్ళెం ముందుకు జరిపి, ఒకటి తీసుకో తల్లీ అన్నాడు. కొత్త జరీ గౌను వేసుకున్న మైతా పళ్ళెంలోకి ఒక చూపు చూసింది.

"నాకొద్దు. సుబ్బమ్మ పులిహోర సేత్తానంది."

పెదనాన్న మౌజా వైపు తిరిగి, "ఇంగ్లీషా?" అన్నాడు.

"కాదు," అంది మౌజా, నేల చూస్తూ.

"హిందీయేమో," అంది పిన్ని ఒకామె.

కాఫీ ఫ్లాస్కు పట్టుకుని అప్పుడే లోపలికి వచ్చిన డ్రైవరు ఇమామ్ హుస్సేన్‌ది కడప జిల్లా రాయచోటి. అడగకపోయినా సాయం చేశాడు. "హిందీ కాదు మామా, తెలుగు. బాగానే మాట్లాడతాది. కాకపోతే గోదారి యాస," అని వాళ్ళకు అర్థమయ్యే అరబ్బీలో చెప్పాడు. షమ్మా చేతిలోని కాఫీ చల్లారిపోయేదాకా మనవరాలిని చూస్తూ కూర్చుంది.

మర్నాడు మౌజా వాకబు చేస్తే, ఇంటికి దగ్గర్లో ఉన్న పబ్లిక్ లైబ్రరీలో చిన్నపిల్లలకు 'కథల గంట' పెడతారని తెలిసింది. వారానికి రెండుసార్లు, పూర్తిగా అరబ్బీలో, ఉచితం. ఒకటే నిబంధన: ఆరేళ్ళలోపు పిల్లల పక్కన ఒక పెద్దమనిషి కూర్చోవాలి. ఊరికే కూర్చోకూడదు. పిల్లతో పాటు పలకాలి, పాడాలి, ఆడాలి. మౌజాకు బ్యాంకు. షమ్మాకు మోకాళ్ళ నొప్పులు. అందువల్ల ఆ ఇంటి పిల్లకు అరబ్బీ నేర్పించే బాధ్యత కోనసీమ సుబ్బాయమ్మ మీద పడింది.

లైబ్రరీ కింది అంతస్తులో పిల్లల హాలు. నేల మీద గడ్డి రంగు తివాచీ, దాని మీద మెత్తటి దిండ్లు. కథలు చెప్పే ఆవిడ పేరు రీమ్. సిరియా మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటుంది. అందరూ ఉస్తాదా అంటారు, అంటే టీచరుగారు. ఆవిడ నోరు తెరవగానే మైతా వెళ్ళి బల్ల కింద దూరింది. ఎంత లాగినా రాలేదు. పక్కన పిల్ల లేకుండా మిగిలిపోయిన సుబ్బాయమ్మ, నిబంధన ప్రకారం, ఉస్తాదా ఏమంటే అది అంది.

అంటూ ఉంటే ఆమెకు ఒక సంగతి విచిత్రంగా తోచింది. ఇందులో ఒక్క మాటా తనకు తెలిసింది కాదు. చేప ఉందని బొమ్మను బట్టి తెలుస్తోంది గానీ, చేప ఏం చేస్తోందో తెలియడం లేదు. మాటల చివర్లు సన్నాయి మేళంలా సాగుతున్నాయి. ఎక్కడా 'ఖలాస్' రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అడిగింది.

"ఇమామూ, ఆ టీచరమ్మది ఏ బాస? అరబ్బీ కాదు కదా?"

"అదే అరబ్బీ అక్కా. ఫుస్‌హా అంటారు. పుస్తకాల అరబ్బీ. ఖురాన్ సదివేటప్పుడు, టీవీలో వార్తలు సెప్పేటప్పుడు, పిల్లోళ్ళ కార్టూన్లలో అట్లే మాట్లాడతారు. ఇంట్లో ఎవరూ మాట్లాడరు."

"మరి మనం మాట్లాడేదో?"

ఇమామ్ హుస్సేన్ అద్దంలోంచి చూశాడు. "మనది అరుపులు అక్కా."

సుబ్బాయమ్మకు వెంటనే అర్థమైంది. వాళ్ళ ఊరి తీర్థంలో పౌరాణిక నాటకాలు ఆడతారు. పగలంతా కొబ్బరి దింపే మనిషే స్టేజీ ఎక్కి, కిరీటం పెట్టుకుని, 'విచ్చేయుము', 'ఆజ్ఞాపింపుము' అంటాడు. అరబ్బులకూ అలాంటి భాష ఒకటి ఉందన్నమాట. ఇన్నాళ్ళూ తనకు చెప్పలేదు.

రెండోవారం ఉస్తాదా పాత్రలు పంచింది. తేనెటీగ, కుందేలు, నక్క మంత్రి, సింహం. మిగతా పిల్లలతో వచ్చిన ఫిలిప్పీన్స్, శ్రీలంక ఆయాలు సిగ్గుపడి తేనెటీగలు అయ్యారు. సింహం ఎవరికీ పట్టలేదు. సుబ్బాయమ్మ లేచి నిలబడి, చీర కొంగు తల మీదికి జూలులా లాక్కుని గర్జించింది. ఇద్దరు పిల్లలు ఏడ్చారు. పైన నిశ్శబ్దంగా చదువుకుంటున్న ఒక పెద్దాయన దిగివచ్చి చూసి వెళ్ళాడు. బల్ల కింది నుంచి మైతా మొదటిసారి తల బయట పెట్టింది. ఆ రోజు నుంచీ ఏ కథలో సింహం ఉన్నా, లేకపోయినా, సుబ్బాయమ్మే సింహం.

లైబ్రరీ కార్డు మైతా పేరున ఉంది. దాని మీద బొమ్మల పుస్తకాలే కాదు, ఒక మాట్లాడే పెన్ను కూడా ఇచ్చారు. పేజీ మీద ఆనిస్తే అది ఆ వాక్యం చదివి వినిపిస్తుంది. మైతా దానితో ఒకసారి కుక్క ముక్కు నొక్కి, కుక్క అరవకపోయేసరికి వదిలేసింది. సుబ్బాయమ్మకు అరబ్బీ అక్షరాలు రావు. పెన్ను అవసరం లేదనిపించేదాకా వదల్లేదు. బియ్యం ఏరుతూ ఆనించేది. బట్టలు మడత పెడుతూ ఆనించేది. బొమ్మను బట్టి తెలియని మాటలు ఇమామ్ హుస్సేన్‌ను అడిగేది. చంద్రుడికి ఒక మాట ఉందని, సముద్రానికి ఉందని, దయ, అన్యాయం, బెంగ, క్షమాపణ వీటన్నిటికీ అరబ్బీలో మాటలున్నాయని ఆమెకు తెలిసింది. ఎవరూ వంటింట్లో వాటిని వాడకపోవడం వల్ల ఇన్నాళ్ళూ వినపడలేదు. ఆ వేసవిలో, కార్డు మీద తీసుకున్న పుస్తకాల లెక్కన, లైబ్రరీ చదువుల పోటీలో నాలుగేళ్ళలోపు విభాగంలో మొదటి బహుమతి మైతాకు వచ్చింది. బుట్టతో, పక్క చక్రాలతో చిన్న సైకిలు ఇచ్చారు. మౌజా సంతోషంతో ఫొటోలు తీసి రువైస్‌కు పంపింది.

నేర్చుకున్నది లోపల దాచుకునే మనిషి కాదు సుబ్బాయమ్మ. మొదట బఖాలా మీద ప్రయోగించింది. ఆమె అరబ్బీలో అన్నదాన్ని తెలుగులో చెప్పాలంటే ఇలాగే చెప్పాలి:

"ఓ వర్తకోత్తమా! ఉల్లిపాయలు కలవా? కలవేని శీఘ్రముగా పంపుము. మా గృహమున క్షామము నెలకొన్నది."

కొట్టు నడిపే మలయాళీ ఫోన్ పెట్టేశాడు. బ్యాంకు వివరాలు అడిగే దొంగలెవరో అనుకున్నానని తర్వాత చెప్పాడు.

ఇమామ్ హుస్సేన్‌ను కారు తియ్యమని 'యల్లా' అనడం మానేసి, కార్టూన్లలో వీరులు గుర్రాలెక్కేటప్పుడు అనే "హయ్యా బినా!" మొదలుపెట్టింది. సిగ్నలు దగ్గర ఎవరైనా అడ్డం వస్తే కిటికీలోంచి "తబ్బన్ లక్!" అనేది. నీకు నాశనమగుగాక అని దానర్థం.

"అక్కా, నీకు దండం పెడతా. అద్దం ఎత్తు," అనేవాడు అతను.

ఒక మధ్యాహ్నం షమ్మా గది ముందు నిలబడి, అలవాటైన 'మామా కబీర్, అకిల్ ఖలాస్' బదులు, చేతులు కట్టుకుని అంది:

"మౌలాతీ! భోజనము సిద్ధమైనది. తమ రాకకై మత్స్యము నిరీక్షించుచున్నది."

మౌలాతీ అంటే ఓ నా దేవీ అని. షమ్మా డెబ్భై ఏళ్ళ మనిషి. సముద్రం ఒడ్డున తాటాకు ఇంట్లో పుట్టింది. ఆమెను ఇంతవరకూ ఎవరూ అలా పిలవలేదు. చేయి గోడకు ఆనించి, దగ్గు వచ్చేదాకా నవ్వింది. తిన్నాక మళ్ళీ పిలిచి, "ఆ చేప సంగతి ఇంకోసారి చెప్పు," అంది. అప్పటినుంచీ ఆమెను చూడడానికి వచ్చే స్నేహితురాళ్ళ ముందు సుబ్బాయమ్మ రోజూ కాఫీ గురించి ఏదో ఒకటి ప్రకటించవలసి వచ్చేది.

ఇదంతా నవ్వులాటగానే సాగేది, జనవరిలో ఆ స్నానాల గది సంగతి జరక్కపోతే.

ఆ రోజు షమ్మాను ఇమామ్ హుస్సేన్ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మౌజా మీటింగులో ఉండి ఫోన్ ఎత్తడం లేదు. మేడ మీద స్నానాల గదిలో మైతా రబ్బరు తిమింగలంతో ఆడుకుంటూ లోపలి గడియ వేసేసుకుంది. మళ్ళీ తియ్యడం రాలేదు. పంపు తిప్పి ఉంది. పిల్ల ఏడుపు వినగానే సుబ్బాయమ్మ మేడ మీదికి పరుగెత్తింది. తలుపు బాదింది, తోసింది, చివరకు పోలీసులకు ఫోన్ చేసింది.

వంటింటి అరబ్బీలో 'పిల్ల లోపల చిక్కుకుంది' అనడానికి మాటే లేదు. మహా అయితే 'బేబీ బాబ్ ఖలాస్' అనొచ్చు. పిల్లా తలుపూ రెండూ అయిపోయాయని వస్తుంది. కథల అరబ్బీలో అయితే చెరలో ఉన్న రాకుమార్తెలకు కొదవ లేదు. సుబ్బాయమ్మ అదే ఎత్తుకుంది.

"ఓ రక్షకులారా! రాకుమారి ఉన్నతమైన గదిలో బంధింపబడినది!"

అవతల ఉన్నది ఒక అమ్మాయి. "ఎవరు మాట్లాడుతున్నారు?" అంది.

"నేనామె దాసిని."

"ఎవరు బంధించారు?"

గడియకు అరబ్బీ మాట సుబ్బాయమ్మకు తెలియదు. "ద్వారము," అంది.

"లోపల ఆమెతో ఇంకెవరైనా ఉన్నారా?"

"ఒక తిమింగిలము కలదు."

"... మళ్ళీ చెప్పండి?"

"తిమింగిలము! నీలవర్ణము! జలము పెరుగుచున్నది, రాకుమారి విలపించుచున్నది, త్వరపడుడు!"

ఆ అమ్మాయి ఏమనుకుందో తెలియదు. ఏమనుకున్నా జాగ్రత్త పడింది. కొద్దిసేపట్లోనే విల్లా ముందు రెండు పోలీసు కార్లు, ఒక అంబులెన్సు, నిచ్చెన ఉన్న ఫైరింజను వచ్చి ఆగాయి. వీధి వీధంతా బయటికి వచ్చింది. పక్క విల్లాలో పనిచేసే నరసాపురం విజయదుర్గ గోడ మీదుగా తల పెట్టి, "ఏటైందక్కా? రాజుగారి పిల్లని ఎత్తుకొచ్చి మీ ఇంట్లో దాశారంట, నిజవేనా?" అంది. సుబ్బాయమ్మకు జవాబు చెప్పే తీరిక లేదు.

మేడెక్కిన ఆఫీసరు కుర్రవాడు. తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చాలా మెత్తగా, అరబ్బీలో, "తల్లీ, భయపడకు. నేనొచ్చానుగా," అన్నాడు.

లోపల ఏడుపు ఆగింది.

"సుబ్బమ్మా, ఎవడే ఆడు? ఆణ్ణి పొమ్మను!"

ఆఫీసరు సుబ్బాయమ్మ వైపు చూశాడు. ఆమె చేతులు కట్టుకుంది.

"ఓ వీరుడా! తమరెవరో తెలియగోరుచున్నది. మరియు తమరిని మరలిపొమ్మని ఆజ్ఞాపించుచున్నది."

"పిల్ల ఈ ఇంటి పిల్లేనా? ఎమిరాతీయేనా?"

"నిశ్చయముగా."

"తండ్రి?"

"ఆయనయును."

"తల్లి?"

"ఆమెయును."

"మరి ఈ భాష ఏమిటి?"

"తెలుగు."

"ఎందుకు?"

జవాబు కోసం ఆఫీసరు ఆగలేదు. తలుపు కింది నుంచి నీళ్ళు అతని బూట్ల దాకా వచ్చాయి. ముందు పంపు కట్టమనమని, తర్వాత గడియ ఎటు తిప్పాలో చెప్పమని అన్నాడు. అతను అరబ్బీలో చెప్పడం, సుబ్బాయమ్మ తెలుగులో అందించడం, పిల్ల తెలుగులో తిట్టడం, ఆ తిట్టు రాజుల అరబ్బీలో అతనికి చేరడం, ఇలా కాసేపు నడిచింది.

"మైతమ్మా, అన్నం తినని సెయ్యి ఉంది సూడూ, అటేపు తిప్పు గడియ. గట్టిగా!"

"రావట్లేదే!"

"గడియ ఆమె ఆజ్ఞను తిరస్కరించుచున్నది," అంది సుబ్బాయమ్మ ఆఫీసరుతో.

"రెండు చేతులూ పెట్టమను."

"రెండు సేతులూ ఎట్టమ్మా!"

టక్కుమని తలుపు తెరుచుకుంది. మైతా తడి జుట్టుతో, ఒంటికి సగం తువ్వాలు చుట్టుకుని, చంకలో నీలి రబ్బరు తిమింగలంతో బయటికి వచ్చి సుబ్బాయమ్మ కాళ్ళు పట్టుకుంది. ఆఫీసరు ఆ తిమింగలాన్ని కొంతసేపు చూశాడు. తర్వాత రేడియో నోటి దగ్గర పెట్టుకుని, ఎందుకో తెలియదు గానీ, అతనూ కథల అరబ్బీలోనే అన్నాడు:

"రాకుమారి క్షేమము. తిమింగిలమును క్షేమము."

బ్యాంకు నుంచి పరుగున వచ్చిన మౌజా వీధిలో బండ్లన్నీ దాటుకుని మేడెక్కింది. పిల్ల బాగానే ఉందని తెలిశాక కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు. సాయంత్రం షమ్మా ముందు కూర్చుని అంది: "నా కూతురు ఏమంటోందో నా దేశం పోలీసుకు అర్థం కావడానికి మా పనిమనిషి తర్జుమా చేయాల్సి వచ్చింది. లైబ్రరీకి పంపింది పిల్లను. అరబ్బీ వచ్చింది ఈవిడకు."

సుబ్బాయమ్మ తలుపు పక్కన నిలబడి, ఇక టిక్కెట్టు చేతికిచ్చి పంపేస్తారని మనసులోనే బట్టలు సర్దుకుంటోంది. షమ్మా తిమింగలం దాకా కథంతా రెండుసార్లు చెప్పించుకుంది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, నవ్వడం అయ్యాక తీర్పు చెప్పింది.

"రేపట్నుంచి ఇది పిల్లతో తన భాష మాట్లాడకూడదు. లైబ్రరీ భాషే మాట్లాడాలి. పిల్ల దీని వెనకే తిరుగుతుంది కాబట్టి అదే వస్తుంది."

అలా సుబ్బాయమ్మకు ఇంట్లో తెలుగు నిషేధమైంది. పాలు తాగమని బతిమాలడం, ముక్కు తుడుచుకోమనడం, చెప్పులు కుడి ఎడమ తప్పు వేసుకున్నావనడం, అన్నీ రాజసభ భాషలో జరగాలి. "ఓ మైతా! నీ నాసిక ప్రవహించుచున్నది." మైతా మొదట నమ్మలేదు. రెండు రోజులు అలిగింది. మూడో రోజు, ఇది సింహం ఆట కాబోలనుకుని తనూ మొదలుపెట్టింది. తెలుగు మాట్లాడాలనిపిస్తే సుబ్బాయమ్మ గోడ దగ్గరికి వెళ్ళి విజయదుర్గతో ఏ కూరలో ఏం వేశావో మాట్లాడి వచ్చేది.

మార్చిలో ఒక ఉదయం ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మహాలక్ష్మి రాత్రి నిద్రలోనే పోయింది. చేసింది అక్క కొడుకు. సుబ్బాయమ్మ ఫోన్ పెట్టేసి, పొయ్యి మీదున్న అన్నం వార్చింది. పిల్లకు జడ వేసింది. మౌజా అప్పటికే బ్యాంకుకు వెళ్ళిపోయింది. ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో తెలియక మధ్యాహ్నం దాకా పని చేస్తూనే ఉంది.

మధ్యాహ్నం షమ్మా స్నేహితురాళ్ళు వచ్చారు. సుబ్బాయమ్మ కాఫీ కప్పుల పళ్ళెంతో లోపలికి వెళ్ళింది. షమ్మా ఆమె ముఖం చూసింది.

"కళ్ళేమిటి, అలా ఎర్రగా ఉన్నాయి?"

ఇలాంటి మాట చెప్పడానికి సుబ్బాయమ్మకు ఒక అరబ్బీ ఉంది. బెంగకు, చావుకు, వీడ్కోలుకు అందులో మాటలున్నాయని పెన్ను నేర్పింది. వాటిని ఒక్కొక్కటీ వెతుక్కుని, జాగ్రత్తగా, తప్పు రాకుండా అంది:

"మౌలాతీ, నా హృదయము శోకముచే నిండినది. నా సోదరి మరలిరాని దేశమునకు ఏగినది."

గది నవ్వులతో గొల్లుమంది. ఒకావిడ చేతులు చరిచింది. "ఎంత బాగా అందో చూడు! మళ్ళీ అను, మళ్ళీ అను," అంది ఇంకొకావిడ, నవ్వి నవ్వి తలగుడ్డ అంచుతో కళ్ళొత్తుకుంటూ. షమ్మా కూడా నవ్వుతోంది.

సుబ్బాయమ్మ వాళ్ళను తప్పుపట్టలేదు. ఇన్నాళ్ళూ తను ఆ భాషలో ఏమన్నా నవ్వారు. ఇప్పుడూ నవ్వుతున్నారు. మళ్ళీ చెప్పింది. ఈసారి వంటింటి అరబ్బీలో.

"ఉఖ్త్ మాల్ అనా... మౌత్. ఖలాస్."

అక్క. నాది. చావు. అయిపోయింది.

నవ్వు ఆగిపోయింది. షమ్మా మోకాళ్ళ నొప్పులతోనే లేచి వచ్చి, ఆమె చేతుల్లోంచి పళ్ళెం తీసుకుని కింద పెట్టింది. తివాచీ మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఇంతవరకూ ఆ ఇంట్లో సుబ్బాయమ్మ ఆ తివాచీ మీద కూర్చోలేదు. చేతులు చరిచినావిడ లేచి, కాఫీ తనే పోసి తెచ్చి సుబ్బాయమ్మకు ఇచ్చింది. సుబ్బాయమ్మకు ఆ కాఫీ ఎప్పుడూ నచ్చదు. తాగేసింది.

ఆ సాయంత్రమే టిక్కెట్టు తీశారు. అంత్యక్రియలకు అందలేదు గానీ పెద్దకర్మకు ఉంది. ఊళ్ళో ఒక నెల గడిపింది. అక్క చీరలు పంచిపెట్టింది. దుబాయ్ గురించి అడిగినవాళ్ళకు ఎండలు బాగా ఎక్కువని చెప్పింది.

ఆ నెల కథల గంటకు మైతాను మౌజాయే తీసుకెళ్ళవలసి వచ్చింది. శనివారాలు బ్యాంకుకు సెలవు గనక తప్పించుకోవడానికి సాకు దొరకలేదు. మొదటి వారం ఆమెకు కాకి పాత్ర వచ్చింది. కోట్ల రుణాల మీద సంతకాలు పెట్టే మనిషి, పదిమంది ఆయాల మధ్య తివాచీ మీద కూర్చుని, కావ్ అనలేకపోయింది. ఉస్తాదా రీమ్ ఓపిగ్గా మూడుసార్లు అవకాశమిచ్చింది. చివరకు మైతా తల్లి మోకాలు తట్టి, పుస్తకాల అరబ్బీలో, అందరికీ వినపడేలా, "ఓ మాతా, సిగ్గు విడువుము," అంది.

మౌజా తలెత్తి చూసింది. కూతురు తనతో అరబ్బీలో మాట్లాడిన మొదటి వాక్యం అది. వెంటనే కావ్ అంది. సుబ్బాయమ్మకు వాయిస్ మెసేజ్ పెడుతూ ఆ సంగతంతా చెప్పి, చివర్లో మళ్ళీ ఒకసారి కాకిలా అరిచి వినిపించింది కూడా. కోనసీమలో అక్క కోడలు ఆ మెసేజ్ విని, "మామా అంటే ఈవిడేనా అత్తా? ఒంట్లో బాగుందా?" అని అడిగింది.

సుబ్బాయమ్మ తిరిగి వచ్చాక ఒక మార్పు జరిగింది. షమ్మా ఆమెను స్నేహితురాళ్ళ ముందు ఆడించడం మానేసింది. మధ్యాహ్నం పూట ఇద్దరూ కూర్చుని, షమ్మా తన చిన్నప్పటి సంగతులు తమ ఇంటి అరబ్బీలో, పనివాళ్ళతో మాట్లాడే ముక్కలు కాకుండా పూర్తి మాటలతో చెప్పేది. సుబ్బాయమ్మకు సగం తెలిసేది. తెలియని చోట ఆపి అడిగేది. అలా ఆమెకు మూడో అరబ్బీ కూడా కొద్దికొద్దిగా రావడం మొదలైంది. ఏది ఎక్కడ వాడాలో మాత్రం చివరిదాకా కుదరలేదు. ఉస్తాదా రీమ్‌తో వంటింటి అరబ్బీ, బఖాలా మలయాళీతో రాజుల అరబ్బీ మాట్లాడేస్తుంది.

ఆగస్టు ఆఖర్లో మైతా బడికి వెళ్ళింది. రెండు వారాలయ్యాక టీచరు నుంచి మౌజాకు ఫోన్ వచ్చింది. మౌజా భయపడుతూనే ఎత్తింది.

"మీ అమ్మాయి అరబ్బీ చాలా స్వచ్ఛంగా ఉంది," అంది టీచరు. "బాత్రూముకు వెళ్ళాలంటే, 'ఓ గురుమాతా, నాకు అనుమతి ప్రసాదింపుము' అని అడుగుతోంది. మాకు సంతోషమే. అడిగేసరికి ఆలస్యమైపోతోంది, అంతే. ఒక్క అనుమానం. ప్రతి వాక్యం చివరా 'ఆయ్' అంటోంది. మేము నిఘంటువుల్లో వెతికాం. ఏ తెగ మాండలికం అది?"

మౌజా ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి సుబ్బాయమ్మను కేకేసింది. ఆయ్ అంటే ఏమిటని అడిగింది. సుబ్బాయమ్మ చేతిలో పప్పు గరిటె ఉంది. కోనసీమలో పుట్టినవాళ్ళు పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఊపిరితో పాటే వచ్చే మాట అది. దానికి అర్థం ఉంటుందని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"మర్యాద, మామా," అంది.

"మర్యాదట," అంది మౌజా ఫోన్‌లో.

"చాలా బాగుంది," అంది టీచరు.

డిసెంబరులో ఆ తరగతి పిల్లలు జాతీయ దినోత్సవానికి స్టేజీ ఎక్కి, జెండాలు ఊపుతూ, చక్కని పుస్తకాల అరబ్బీలో స్వాగత వచనాలు చెప్పారు. పిల్లలందరూ ఒకే గొంతుతో ప్రతి వాక్యం చివరా 'ఆయ్' అన్నారు. ముందు వరసలో కూర్చున్న పెద్దలు తలలూపారు. వెనక గోడ దగ్గర, మైతా వాటరు బాటిలు పట్టుకుని నిలబడ్డ సుబ్బాయమ్మ కూడా, తనకు తెలియకుండానే, ఆయ్ అంది.